ముక్కులో పాసంగం

ఉదయలక్ష్మి చెప్పింది సిమ్యులేషన్ అని. చెంగమ్మ చెవిలో పడింది సేమ్యా అని.

చెప్పిన చోటు వంటింట్లో సింకు దగ్గర, చెప్పిన వేళ కుక్కరు మూడో విజిలు వేసే వేళ. "శనివారం కాలేజీలో సిమ్యులేషన్ పోటీ ఉండాది అత్తా, పొద్దున్నే పోవాల, మధ్యాన్నానికి రాలేను" అంది. చెంగమ్మకు కుడిచెవి పదేళ్ళ కిందటే రిటైరైంది. ఎడమచెవి పార్ట్‌టైము. ఆ పార్ట్‌టైము చెవి 'రాలేను' అన్న మాటను బయటే నిలబెట్టి, సేమ్యాను మాత్రం లోపలికి రానిచ్చింది. పొద్దు గూకేలోగా వీధి వీధంతా తెలిసిపోయింది. "మా కోడలి కాలేజీలో సేమ్యా పోటీ అంట. రెన్నూరు మందికి మా ఉదయే చేస్తాదంట." అంతటితో ఆగిందా? కొడుకుతో కూడా అంది, "శనివారం మీ ఆఫీసోళ్ళు బోజనానికొస్తారు గదా నాయనా, ఉదయ ఎట్లాగూ ఆడ పాయసం చేస్తాది, మనకీ ఒక గిన్నెడు ఎత్తి పెట్టేస్తాదిలే."

యోగానందకు సిమ్యులేషన్ అంటే ఏమిటో తెలుసు. పదకొండేళ్ళుగా భార్య నోట వింటున్నాడు. కరెంటాఫీసులో కంప్యూటరు ముందే కూర్చుంటాడు కూడా. అయినా అమ్మను సరిదిద్దలేదు. టీవీ మీద చూపు తీయకుండా, "అదీ మంచిదే" అన్నాడు. పన్నెండు మందిని పిలిచేశాడు.

ఇప్పుడు ఉదయలక్ష్మి చేయాల్సింది ఒక్కటే. అత్తగారి ఎడమచెవి వైపు వంగి, "సేమ్యా కాదత్తా" అని చెప్పాలి. కానీ చెబితే అక్కడితో ఆగదు. మరేమిటి అంటుంది. విమానాలు అనాలి. విమానాలు కాలేజీలోకి ఎట్లొస్తాయి అంటుంది. నిజంగా రావు, కంప్యూటరులో ఎగురుతాయి అనాలి. ఎగరని విమానానికి పోటీ ఎందుకే అంటుంది. ఆ ఓపికే ఉంటే పాయసం కాచి, గిన్నె కడిగి బోర్లించేయొచ్చు. సరుకుల చీటీలో లీటరున్నర పాలు, సేమ్యా రెండు ప్యాకెట్లు అని రాసుకుంది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆమె కనిపెట్టిన పద్ధతి అదే. ఇంట్లో వాళ్ళ తప్పును దిద్దడం కంటే, ఆ తప్పును నిజం చేసేయడం సులువు.

కాలేజీ పుత్తూరు రోడ్డులో ఉంది. అందులో విమానాల ఇంజనీరింగు విభాగం మూడో అంతస్తులో ఉంది. ఎగిరేవాళ్ళు కదా, పైనే ఉండనీ అనుకున్నారేమో, లిఫ్టు మాత్రం రెండో అంతస్తు దాకే పెట్టారు. అక్కడ ఉదయలక్ష్మి కాంట్రాక్టు మీద అసిస్టెంట్ ప్రొఫెసర్. ఉద్యోగం కాంట్రాక్టుదే గానీ చాకిరీ పర్మనెంటుది. ప్రొఫెసర్ అనే మాట తలుపు మీది బోర్డులో ఉంది, అసిస్టెంట్ అనేది ఆమె రోజులో ఉంది. విమానం గురించి చెప్పేటప్పుడు అందరూ ఆమె దగ్గరికే వస్తారు. సన్మానాల వేళకు ఆమె వంతులో 'వి' రాలిపోయి, ముందు 'అవ' వచ్చి అంటుకుంటుంది.

ఏటా ఫిబ్రవరిలో జరిగే విమాన డిజైను పోటీకి ఆమె కోఆర్డినేటరు. మెడలో బిళ్ళ కూడా వేస్తారు. అందులో ఆర్డరు హెచ్చోడీ దేవేంద్ర సారుది. 'కో' ఆమెది. చేసుకో, చూసుకో, మోసుకో, సర్దుకో.

పోటీ ఇట్లా నడుస్తుంది. నలుగురైదుగురు పిల్లలు ఒక జట్టుగా చేరి ఒక విమానాన్ని గీస్తారు. ఈ ఏడు ఇచ్చింది తొమ్మిది సీట్ల చిన్న విమానం. తిరుపతికి వచ్చిపోయే భక్తుల కోసం, ఏటా లాగే సంచులన్నీ తోక వైపు అరలో. రెక్క ఎంత పొడవు, ఇంజను ఎంత బరువు, ఏ బరువు ఎక్కడుంది అన్నీ ఒక ఫైల్లో నింపి ఇస్తారు. ఆ ఫైలును ల్యాబులోని సిమ్యులేటరుకు ఎక్కిస్తే, కాగితం మీది విమానం తెర మీద రేణిగుంట రన్‌వే నుంచి నిజంగా లేస్తుంది. పాత మారుతీ కారు సీటు, దాని ముందు ఒక స్టిక్కు, మూడు తెరలు, అదీ సిమ్యులేటరు. డ్రాయింగుకు నలభై మార్కులు, ఎగరడానికి అరవై. గెలిచిన జట్టుకు బెంగళూరులో విమానాలు తయారుచేసే చోట ఆరు నెలల శిక్షణ. నడిపి చూసి మార్కులేసేది వింగ్ కమాండర్ కుప్పయ్య. సత్యవేడు మనిషి, వాయుసేనలో రిటైరైనవాడు. ఆయన పరీక్షలన్నిట్లోకీ పెద్దది ఒకటుంది. మూడు వేల అడుగుల ఎత్తులో స్టిక్కు వదిలేసి, నిమిషం సేపు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు. మంచి విమానమైతే పట్టుకునే చెయ్యి లేకపోయినా సమంగా పోతూ ఉండాలి.

పదకొండేళ్ళ కిందట మొదటి పోటీలో నాలుగు విమానాలు ఆ నిమిషంలోనే కూలిపోయాయి. పిల్లలు సంచుల బరువును మొత్తంలో కలిపారు గానీ, ఆ సంచులు తోకలో ఉంటాయన్న సంగతి మరిచారు. బరువెంతో లెక్కేసి, బరువెక్కడో వదిలేయడం ఈ చదువులో ప్రతి ఏటా జరిగే పొరపాటు. తోక బరువెక్కితే ముక్కు లేస్తుంది, వేగం చస్తుంది, విమానం రాయిలా పడుతుంది. ఆ రోజు దేవేంద్ర సారు ఆమెను పక్కకు పిలిచి, "పెద్దోళ్ళ ముందర మన పిల్లోళ్ళ విమానాలు పడిపోతే కాలేజీ మర్యాద ఏం గావాల మేడం? ఇంకమీదట మీరు కొంచెం చూసుకోండి" అన్నాడు.

చూసుకుంది. మరుసటేడు నుంచి పోటీకి ముందు రోజు సాయంత్రం ప్రతి ఫైలూ తెరిచి, ఆ కారు సీట్లో కూర్చుని, ఒక్కొక్క విమానాన్నీ తానే నడిపేది. తోక ఎంత లాగుతోందో చూసి, ముక్కులో అంత బరువు పెట్టేది. ఒకదానికి ఇరవై కేజీలు, ఒకదానికి నలభై. బంగారుపాళ్యంలో వాళ్ళ నాయనకు చిన్న అంగడి ఉండేది. తక్కెడలో ఒక తట్ట తేలిపోతే, ఆ వైపు గొలుసుకు ఒక గులకరాయి కట్టేవాడు. పాసంగం అనేవాడు దాన్ని. కొనేవాళ్ళు సరుకు చూస్తారు, ముల్లు చూస్తారు. పాసంగాన్ని ఎవరూ చూడరు. విమానాలన్నీ సమంగా ఎగిరేవి. కుప్పయ్య "అద్భుతమైన నిలకడ" అని రాసేవాడు. దేవేంద్ర సారు ఆ ముక్కను కాలేజీ బ్రోచర్లో వేయించాడు, "మా ప్రత్యేక బోధనా విధానం" అనే శీర్షిక కింద.

ఈ ఏడు శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఆరు ఫైళ్ళూ నడిపేసరికి ఐదు విమానాలు తోక మీద కూలబడ్డాయి. ఆరోది మాత్రం స్టిక్కు వదిలినా పోతూనే ఉంది. మొదటి ఫైలు మళ్ళీ తెరిచి, ముక్కు బరువు అనే గడిలో వేలు పెట్టబోతుంటే తలుపు దగ్గర ఎవరో దగ్గారు. పూజిత. నగరి పిల్ల, వాళ్ళింట్లో నాలుగు పవర్‌లూమ్‌లు. ఆరో ఫైలు ఆమె జట్టుదే.

"మీ ఫైలు బాగుండాది పూజితా. ఇంటికి పో, రేపు పెందలాడే రావాల."

"మాదాని కోసరం రాలేదు మేడం. పోయినేటి సీనియర్ల ఫైలు గురించి అడగాలని వచ్చినా." పిల్ల లోపలికి వచ్చి నిలబడింది. "వాళ్ళు నాకిచ్చిన ఫైల్లో ముక్కు బరువు సున్నా ఉండాది. సిమ్యులేటర్లో ఉండేదాంట్లో ముప్పై నాలుగు కేజీలుండాది. మూడేండ్లవి చూసినా మేడం, అన్నింట్లోనూ అట్నే. ఎవురు పెట్టినారు?"

ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న అడిగిన మొదటి మనిషికి ఇరవై ఏళ్ళు. ఉదయలక్ష్మికి ముందు భయమేసింది. తర్వాత, ఎవరో కనుక్కున్నారన్న సంతోషం లాంటిది ఒకటి లోపల కదిలింది. దాన్ని చూసి మళ్ళీ సిగ్గేసింది.

"నేనే" అంది.

"ఎందుకు మేడం?"

"పెట్టకపోతే పడిపోతాయి."

"పడిపోనీండి."

ఉదయలక్ష్మి నవ్వబోయింది. పూజిత నవ్వలేదు.

"సంచులు తోకలో ఉంటే ఏమైతాదని మేము మూడు నెల్లు కూర్చున్యాం మేడం. రెక్కను జానెడు వెనక్కి జరిపినాం. అది జరిగితే తోక మార్చాల్సొచ్చె, తోక మారితే చక్రాలు మార్చాల్సొచ్చె. బొమ్మ సూస్తే బర్రెగొడ్డు మాదిరుండాది. డ్రాయింగు మార్కుల్లో మాదే కడాన. మా జట్టోళ్ళే నన్ను తిట్నారు. ఎగిరేటప్పుడు తెలస్తాదిలే అన్న్యాను." తెర మీది గడి వైపు వేలు చూపింది. "మీరు అందురికీ ముక్కులో బరువు పెట్టేస్తే అందురివీ మాదాని మాదిరే ఎగురుతాయి. అప్పుడు మేము చేసింది యాడ కనపడతాది మేడం?"

జవాబు కోసం ఆగలేదు పిల్ల. బస్సుకు టైమైందని చెప్పి వెళ్ళిపోయింది. ఉదయలక్ష్మికి ప్రశాంతి గుర్తొచ్చింది. ఆరేళ్ళ కిందట ఒక జట్టులో ఉండేది. ఆ ఏడు కూడా ఒక్క విమానానికే పాసంగం అవసరం కాలేదు, అది ప్రశాంతి చేసింది. నాలుగో స్థానం వచ్చింది. ఇప్పుడు ఒక ఆస్పత్రి రిసెప్షన్‌లో కూర్చుని టోకెన్లు ఇస్తోంది. మొన్న అత్తగారిని బీపీ పరీక్షకు తీసుకుపోతే, "మేడం, మీరు కూర్చోండి, నేను పిలుస్తా" అని ఎంత మర్యాదగా చెప్పింది! తను పిల్లలకు సాయం చేస్తున్నాననే అనుకుంది ఇన్నాళ్ళూ. ఎవరి తప్పును కప్పుతున్నానో చూసుకుంది గానీ, ఆ దుప్పటి కింద ఎవరి పని కూడా కప్పబడిపోతోందో చూడలేదు.

కంప్యూటరు ఆపేసి ఇంటికి బయల్దేరింది. గడిలో ఏ అంకె వేయాలో రేపు పొద్దున ఆలోచిద్దాంలే అనుకుంది.

ఇంట్లో ఆలోచనకు టైమెక్కడిది? ఆలోచన కూడా కాళ్ళ మీద నిలబడే చేయాలి, గరిటె చేత్తో పట్టుకుని. దోసెలు పోస్తూ ఆలోచించింది, మంచినీళ్ళ క్యాను వంచుతూ ఆలోచించింది. హాల్లో యోగానంద ఫోనులో ఎవరితోనో అంటున్నాడు, "మా ఇల్లు దానంతటదే నడిసిపోతాదప్పా, నేనేమీ పట్టించుకోను. నువ్వు రేపు వచ్చి సూడు." గర్వంగానే అన్నాడు. దానంతటదే! అత్తగారి బీపీ మాత్ర పొద్దున తెల్లది, రాత్రి పసుపుది, అదీ దానంతటదే పెట్టెలోకి వచ్చి పడుకుంటుంది. కొడుకు హాల్‌టికెట్టు దానంతటదే ప్రింటవుతుంది. ఇస్త్రీ బట్టలు నడిచొస్తాయి, గ్యాసు బండ తనకు తానే బుక్కవుతుంది, పాలవాడు రానిరోజు ఫ్రిజ్‌లో ప్యాకెట్టు మొలకెత్తుతుంది. పెళ్ళైన కొత్తలో ఒకసారి ఆమె జ్వరంతో పడుకుంటే, చెంగమ్మ వచ్చి నుదురు పట్టుకుని చూసి, "పాపం, ఇంత జరం పెట్టుకోని యెట్లా చేస్తావో పని" అంది. చేయొద్దని అనలేదు, ఎట్లా చేస్తావో అంది. మొన్నటికి మొన్న పక్కింటావిడతో, "మా కోడలికి పని యాడుండాది, అన్నిటికీ మిసన్లే" అంది. నిజమే. ఆ మిషన్లన్నిటికీ కలిపి ఒక మిషను. తిట్టినా బాగుండేది, తిట్టు గోడకు మేకులా కనిపిస్తుంది, పీకేయాలనైనా తోస్తుంది. వీళ్ళు తిట్టరు. ఇంట్లో అంతా సమంగా ఉందని నమ్ముతారు, అంతే. సమంగా ఉందని నమ్మేవాళ్ళ మధ్య ఒంగిపోయిన నడుం గురించి ఏమని చెప్పడం? నాయన గులకరాయికి నోరుంటే ఏమనేదో అనుకుంది. మళ్ళీ, ఏమంటుంది, దోసె మాడుతోందంటుంది అనుకుని తిరగేసింది.

శనివారం ఐదింటికే లేచి పాయసం కాచింది. అన్నం, పప్పు, రెండు కూరలు కూడా చేసి గిన్నెలకు మూతలు పెట్టింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ ఉంటే యోగానంద బ్రష్షుతో వచ్చాడు.

"పన్నెండున్నరకల్లా వచ్చేయ్."

"రాలేనని చెప్పినా కదా. పోటీ రెండింటి దాకా ఉంటాది."

"ఆ కంప్యూటరు ఆటే కదా ఉదయా? ఎవురన్నా ఆడించుకుంటార్లే. ఈడ వడ్డించేదానికి మనిషి కావాల."

ఆ ఇంట్లో ఆమెను మనిషి అని పిలిచేది వడ్డించేటప్పుడే. "అన్నీ మూత పెట్టి ఉండాయి. మూత తీసేది మీకు తెలుసు" అని చెప్పి బస్సెక్కింది. చెప్పాక తనకే ఆశ్చర్యమేసింది. రేణిగుంట దాటేదాకా ఆ మాటనే మళ్ళీ మళ్ళీ చెప్పుకుంది.

సెమినార్ హాలు నిండిపోయింది. సిమ్యులేటరును కిందికి దింపి, దాని తెరను పెద్ద తెరకు కలిపారు. దేవేంద్ర సారు కోటు వేసుకుని వచ్చాడు. "అన్నీ చూసుకున్నారు గదా మేడం?"

"చూసినాను సార్" అంది. అబద్ధం లేదు అందులో.

మొదట గోపీ జట్టు. గోపీ మాటకారి, డ్రాయింగులో మొదటి స్థానం వాళ్ళదే. సూదిలాంటి విమానం. రేణిగుంట మీద చక్కగా లేచింది, చప్పట్లు. కుప్పయ్య మూడు వేల అడుగులకు తీసుకుపోయి, తెల్ల మీసాల్లోంచి నవ్వి, "పిల్లోళ్ళారా, నేను చెయ్యి ఇడస్తా ఉండాను. ఇంక మీదే బండి" అన్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఐదు సెకన్లు బాగానే పోయింది. ముక్కు మెల్లగా లేచింది. ఇంకా లేచింది. ఆకాశం తప్ప తెర మీద ఏమీ లేదు. ఆనక ఆకాశం తిరగబడింది, చేలు మీదికొచ్చాయి, తెర ఎర్రబడింది. వెనక బెంచీల్లో నవ్వారు. రెండోది పడినప్పుడు కూడా నవ్వారు. మూడోది పడేసరికి ఎవరూ నవ్వలేదు. ఉదయలక్ష్మి గోడకు ఆనుకుని నిలబడింది. పడిన ప్రతి విమానానికీ ఆమె కుడిచెయ్యి దానంతటదే కదిలేది, గడిలో అంకె దిద్దడానికి. ఎడంచేత్తో దాన్ని పట్టుకుంది. ఫోను మాటిమాటికీ వణుకుతోంది. టైము చూస్తే పన్నెండు నలభై.

ఐదో విమానమూ పడ్డాక పూజిత వాళ్ళది ఎక్కించారు. బర్రెగొడ్డు లాగే ఉంది, లేవడానికి రన్‌వే చాలాసేపు తిన్నది. కుప్పయ్య చెయ్యి వదిలాడు. ముక్కు కొంచెం లేచి, తనే దిగి, సర్దుకుంది. నిమిషం. కుప్పయ్య దిగలేదు, చేతులు తల వెనక పెట్టుకుని వాలాడు. రెండు నిమిషాలు. "దీనికి నేను అక్కర్లేదప్పా" అన్నాడు.

గోపీ లేచాడు. "సార్! ఉదయలక్ష్మి మేడం వాళ్ళ ఫైల్లో ఏమో పెట్టింది సార్! నిన్న సాయంత్రం ఈ పిల్ల ల్యాబులోకి పొయ్యింది, నేను చూసినా. వాళ్ళకొక్కరికే చేసిపెట్టింది!"

హాలంతా గుసగుస. పూజిత తల వంచుకుంది, జట్టు పిల్లలు ఆమె నుంచి కాస్త పక్కకు జరిగారు. దేవేంద్ర సారు మైకు తీసుకుని, ఎగిరే పోటీ రద్దు చేస్తున్నామనీ, డ్రాయింగు మార్కులతోనే బహుమతులిస్తామనీ చెప్పాడు. మైకు మూసి ఉదయలక్ష్మి దగ్గరికొచ్చాడు. "ఒక్క జట్టుకి మాత్రం చూసుకున్నారా? జూన్లో మీ కాంట్రాక్టు కాయితం నా టేబులు మీదికే రావాల మేడం. గమ్మున ఉండండి, నేను సర్దేస్తా."

సర్దేస్తాడట. ఇన్నేళ్ళకు ఆ మాట ఇంకొకరి నోట విన్నది. కోపం రాలేదు ఆమెకు, అంత ఓపిక లేదు. కాళ్ళు నొప్పిగా ఉన్నాయి, కూర్చోవాలనిపించింది. హాల్లో ఖాళీగా ఉన్న కుర్చీ ఒక్కటే, కుప్పయ్య లేచిన మారుతీ సీటు. పోయి అందులో కూర్చుంది. ఆరు ఫైళ్ళూ ఒక్కొక్కటే పెద్ద తెర మీద తెరిచింది.

"ఇది ముక్కు బరువు గడి" అంది. మైకు లేకపోయినా వెనక బెంచీ దాకా వినపడింది. "ఆరింటిలోనూ సున్నానే. పూజిత వాళ్ళదాంట్లోనూ సున్నా. ఎవురైనా వచ్చి చూసుకోవచ్చు." తర్వాత పాతవి తెరిచింది. పోయినేడు, అంతకు ముందేడు, ఇంకా ముందువి. పిల్లలు ఇచ్చిన ఫైలు ఎడమ వైపు, ఎగిరిన ఫైలు కుడి వైపు. సున్నా, ముప్పై నాలుగు. సున్నా, ఇరవై రెండు. సున్నా, నలభై. ఒక ఏడులో ఒకే ఒక్క జట్టుకు రెండు వైపులా సున్నా. "ఇది ప్రశాంతి అనే పిల్లది" అని చెప్పి ముందుకు పోయింది.

కుప్పయ్య మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. "పోయినేడు నేను అద్భుతమైన నిలకడ అని రాసినానే, అమ్మా?"

"అది నేను పెట్టిన ముప్పై నాలుగు కేజీలు సార్."

"ఎవరు చెప్పినారు మీకు ఇట్లా చెయ్యమని?" దేవేంద్ర సారు గొంతు కీచుగా వచ్చింది.

"మీరే సార్, చూసుకోండి అన్నారు. ఎట్లా అని మీరు అడగలేదు, నేను చెప్పలేదు. తప్పు ఇద్దరిదీ. జూన్లో మీ టేబులు మీద ఏం పెట్టుకుంటారో అది మీ ఇష్టం."

పూజిత తలెత్తి తెరను చూస్తోంది. గోపీ ఇంకా నిలబడే ఉన్నాడు, కోపం పోయి ముఖం చిన్నబోయింది.

"మరి... మాకు ఈసారి ఏం చేసినారు మేడం?"

ఉదయలక్ష్మి కుర్చీ అతని వైపు తిప్పింది.

"ఈసారి నేను ఎవురికీ ఏమీ చెయ్యలేదు గోపీ. వాళ్ళకీ చెయ్యలేదు, మీకూ చెయ్యలేదు. పొద్దున్నించీ మీరందరూ చూసింది అదే."